ముందు దీపం, ఆ తర్వాతే లిప్‌స్టిక్!

అక్కలూ, చెల్లెళ్లూ, పిన్నులూ, పెళ్లికూతుళ్లూ, పాస్‌పోర్టు ఫోటోకి పౌడరు రాసుకునే బాబాయిలూ... అందరూ కాస్త పని ఆపి వినండి. మా ఇంట్లో అద్దానికి అటొకటీ ఇటొకటీ రెండు బల్బులు పెట్టించాను. అంతే! కొత్త ఫౌండేషన్ కొనలేదు, పార్లరు గడప తొక్కలేదు, యూట్యూబులో చెప్పిన సీరమేదీ పూసుకోలేదు. ఉత్త రెండు బల్బులు. ఆ స్విచ్చి నొక్కిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ చెయ్యిపట్టుకుని అద్దం ముందుకి లాక్కెళ్తున్నాను. గ్యాసు సిలిండరు అబ్బాయి ఒక్కడే తప్పించుకున్నాడు.

ఏం కనబడిందంటారా? నా డబ్బాలో రెండు లిప్‌స్టిక్‌లున్నాయి. గదిలో ట్యూబులైటు కింద రెండూ ఒకటే రంగు, గోధుమకీ మట్టికీ మధ్య ఏదో. కొత్త దీపం కింద ముంజేతి మీద పక్కపక్కనే రెండు గీతలు గీశాను. ఒకటి కాలిన ఇటుక రంగు, అంచుల్లో నారింజ జీర. రెండోది పండిన నేరేడు ఛాయ. రెంటికీ పొంతనే లేదు! బొట్టు పెట్టుకోబోతే భరిణలో కుంకుమ భగ్గుమంది. చేతి చర్మం చూస్తే ఇంకా వింత. మణికట్టు దగ్గర నరాల మీద సన్నటి ఆకుపచ్చ, వేళ్ల కణుపుల దగ్గర ముదురు గోధుమ, అరచేతిలో గులాబీ, వాటన్నిటి అడుగునా తేనెరంగు. ఒక్క చేతిలో ఇన్ని రంగులా! ఇవన్నీ ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నాయా?

నిజానికి ఈ కిటుకు మన ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. చీర సంచీలో పెట్టుకుని మ్యాచింగ్ సెంటరుకి వెళ్తామా, కొట్లో దీపాల కింద పది ముక్కలు చీర మీద పరిచి చూస్తామా, ఒకటి కుదిరిందనిపించగానే కొట్టబ్బాయే అంటాడు, 'బయట వెలుతుర్లో చూస్కోండమ్మా' అని. గుమ్మం దాటి రోడ్డు మీదికొచ్చి చూస్తే లోపల అతికినట్టు సరిపోయిన రంగు బయట ఏమాత్రం పొసగదు. ఒక దీపం కింద ఒకేలా ఉన్న రెండు అద్దకాలు ఇంకో దీపం కింద విడిపోవడాన్ని శాస్త్రం మెటామెరిజం అంటుంది. పేరు తెలియకపోయినా సంగతి మనకి తెలుసు. మీటరు జాకెట్టు గుడ్డకి ఇంత పరీక్ష పెడతామే, మరి ముఖానికి? పడకగదిలో బిల్డరు ఏ మూల ఏ దీపం బిగిస్తే దాని కిందే పని కానిచ్చేస్తాం!

ఇక అసలు విడ్డూరం వినండి. తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ బల్బులో తెల్లదీపమే లేదు. లోపలున్నది నీలం దీపం. దాని మీద ఫాస్ఫర్ అనే పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూతని దాటుకుని బయటికొస్తుంది, మిగతాది పూతలో పడి పసుపు వెలుగుగా మారుతుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మరుసటి ఏడాదే మన దగ్గర ఉజాలా పథకం మొదలైంది. ఆ ఒక్క పథకం కింద పంచినవే 36 కోట్ల పైచిలుకు ఎల్‌ఈడీ బల్బులు. కరెంటు బిల్లులు దిగొచ్చాయి, ఆ ముగ్గురికీ ఒక దణ్ణం. కానీ ఇందాకటి లెక్క మళ్లీ చూడండి. నీలం ఉంది, పసుపుంది. ఎరుపేదీ?

అదే కథంతా! పూత మామూలుదైతే బల్బులో ఎరుపు అరకొరగానే ఉంటుంది. దీపంలో లేని రంగు వస్తువు మీంచి తిరిగి రాదు. కుంకుమ ఎంత ఎర్రదైనా దాని మీద ఎర్ర వెలుగు పడితేనే కదా ఎరుపు కనబడేది. మన అమ్మమ్మల ఇళ్లలో వేలాడిన అరవై వాట్ల పాత బల్బుకి ఈ లోటు లేదు. కాలే తీగ వెలుగు కాబట్టి ఇంద్రధనుస్సులోని రంగులన్నీ అందులో ఉండేవి, ఎరుపైతే పుష్కలం. కాకపోతే తిన్న కరెంటులో పదోవంతైనా వెలుగుగా మారేది కాదు, మిగతాదంతా వేడి.

మరి మన ముఖాల సంగతి? ఇక్కడే నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. చర్మంలో ఉండే మెలనిన్ నీలం వైపు వెలుగుని ఎక్కువగా మింగేసి, ఎరుపు వైపు వెలుగుని ఎక్కువగా తిప్పి పంపుతుంది. చర్మం కింద పారే రక్తమూ అంతే. అంటే మన గోధుమరంగు ముఖం నుంచి అద్దానికి చేరే వెలుగులో పెద్ద వాటా ఎరుపు, నారింజ, పసుపులదే. దీపమే ఎరుపు ఇవ్వకపోతే ముఖం బూడిద పూసుకున్నట్టు పాలిపోతుంది. అప్పుడేం చేస్తాం? బుగ్గలకి ఇంకాస్త బ్లష్, పెదాలకి ఇంకో పూత, చాలదన్నట్టు రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్. ముఖంలో లోపమేమీ లేదు! దీపం ఎగ్గొట్టిన ఎరుపుని మనం డబ్బాల్లోంచి తీసి భర్తీ చేస్తున్నాం. గుమ్మం దాటి ఎండలో పడగానే అసలు లెక్క బయటపడుతుంది. బుగ్గలు మండిపోతుంటాయి, ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు.

ఇంట్లో ఉన్నంతసేపూ ఇది పసిగట్టలేకపోవడానికి కారణం మన కన్నే. పచ్చటి దీపం కింద కాసేపు కూర్చుంటే అదే తెలుపని సర్దుకుపోతుంది, నీలం దీపం కింద కూర్చున్నా అంతే. ఇంత మంచి కన్ను మేకప్ దగ్గర మాత్రం మనల్ని నిలువునా ముంచుతుంది.

దీపం నాణ్యతకి ఒక మార్కుల లెక్క ఉందట! దాని పేరు సీఆర్‌ఐ. వెలుగు ఎలా ఉన్నా సరే, రంగుల్ని ఎంత నిజాయితీగా చూపిస్తుందన్నదానికి వందకి ఇన్ని అని మార్కులేస్తారు. పాత తీగ బల్బుకి నూటికి నూరు. మామూలు ఎల్‌ఈడీకి 80 దరిదాపుల్లో. ఎనభై అంటే ఫస్ట్ క్లాసే కదా అనుకుంటాం. ఆ మార్కులు పరీక్షకి పెట్టుకున్న రంగుల జాబితాలో మొదటి ఎనిమిదింటి సగటు, ఆ ఎనిమిదీ లేత రంగులే. ముదురు ఎరుపుది తొమ్మిదో నంబరు, ఆర్9 అంటారు. సగటులో దాన్ని కలపరు! అందుకే సగటున 80 తెచ్చుకున్న బల్బు ఎరుపులో సున్నా దగ్గరే ఆగినా డబ్బా మీద దర్జాగా ఎనభై అని వేసుకోవచ్చు. ఇంకో తమాషా. అదే జాబితాలో 13వది తెల్లవాళ్ల చర్మపు ఛాయ. జపాన్ వాళ్లు తమ ఛాయ అందులో లేదని తమ ప్రమాణంలో 15వ రంగుగా చేర్చుకున్నారు. మన ఛాయకి అందులో నంబరు లేదు. కాబట్టి మనం అడగాల్సింది ఆర్9. అది 50 దాటితే మంచిది, 90 దాటితే పండగే.

ఈ పరిజ్ఞానమంతా మూట కట్టుకుని హైదరాబాద్ కోఠీ పక్కన ట్రూప్ బజార్‌కి వెళ్లాను. గల్లీ అంతా ఎలక్ట్రికల్ కొట్లే. ఒక కొట్లో బల్బు అడిగితే ఆయన తలెత్తకుండానే, "దేనికి మేడం, హాల్‌కా, కిచెన్‌కా?" అన్నాడు.

"ముఖానికి అన్నా."

అప్పుడు తలెత్తాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "గట్ల చెప్పుండ్రి. మీకు ఆరువేల ఐదొందలది వద్దు, నాలుగువేలది తీస్కోండి. సీఆర్‌ఐ తొంభై ఐదుది ఉంది. ఫోటో స్టూడియోలోళ్లు గిదే అడుగుతరు" అంటూ కౌంటరు మీది టెస్టింగ్ బోర్డుకి రెండు బల్బులు తగిలించి వెలిగించాడు. "చెయ్యి పెట్టి చూడుండ్రి మేడం, నేను చెప్పుడెందుకు."

మొదటి బల్బు కింద నా అరచెయ్యి జ్వరమొచ్చి లేచినవాళ్లదిలా ఉంది. రెండోదాని కిందికి జరిపానో లేదో గోళ్ల కింద గులాబీరంగు పొంగుకొచ్చింది. రెండూ తెల్లదీపాలే! విడివిడిగా చూస్తే తేడా కనిపెట్టడం కష్టమే. చెయ్యి పెడితే మాత్రం దాచలేవు. మీరూ కొట్లో ఇదే పని చెయ్యండి. బల్బు వంక చూడొద్దు, బల్బు కింద చెయ్యి చూసుకోండి.

ఆయన చెప్పిన నాలుగువేలు, ఆరువేల ఐదొందలు కెల్విన్ల లెక్క. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్లు, వార్మ్ వైట్ బల్బు 2700 నుంచి 3000, నడినెత్తి ఎండ 5500 ప్రాంతం, మన ఇళ్లలో ఎక్కువగా వెలిగే కూల్ డేలైట్ 6500. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలానికి మొగ్గుతుంది. మేకప్‌కి 4000 నుంచి 5000 మధ్య హాయి. కెల్విన్లు చూసి సీఆర్‌ఐ మరిచిపోకండి. ఒకటి వెలుగు రంగు, రెండోది వెలుగు నిజాయితీ. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి పిన్ను హోల్డర్లు, ఈ మంచి బల్బుల్లో చాలావాటికి థ్రెడ్డు ఉంటుంది. కన్వర్టరు కూడా అక్కడే అడిగి తీసుకోండి, లేకపోతే ఇంకోసారి బస్సెక్కాలి.

రంగు గొడవ తీరింది కదా అని ఊపిరి పీల్చుకుంటే రెండో అద్భుతం! వెలుగు ఎక్కణ్నుంచి పడుతోంది? మన పడకగదుల్లో అద్దమంటే బీరువా అద్దమే. బీరువా ఒక గోడకి, ట్యూబులైటు ఎదుటి గోడకి. అద్దం ముందు నిలబడితే దీపం మన వీపు వెనక. జడ, వీపు మీది జాకెట్టు ముడి దేదీప్యమానంగా వెలుగుతాయి, ముఖం మాత్రం చీకట్లో. అద్దంలో ట్యూబులైటు ఎదురుగా కళ్లలోకి కొడుతుంది కాబట్టి గది నిండా వెలుగున్నట్టే ఉంటుంది. వెలుగు పడాల్సింది అద్దం మీద కాదండీ, మన మీద!

స్నానాలగదిలో అద్దం పైన దీపముంటుంది, అది ఇంకో రకం మోసం. వెలుగు నెత్తి మీంచి జారి కనుబొమల కింద, ముక్కు కింద, కళ్ల కింద నీడలేస్తుంది. ఆ నీడలకి మనం కన్సీలర్ పూస్తాం! లేని నల్లవలయాలకి ఉన్న కన్సీలరంతా ఖర్చు. నమ్మకపోతే రాత్రి దీపాలార్పి, ఫోను టార్చి నుదుటి పైన పట్టుకుని అద్దం చూడండి, పదేళ్లు పైబడతాయి. గడ్డం కిందికి తెండి, పాత సినిమాలో దెయ్యం ప్రత్యక్షం. ముఖానికి సమానమైన ఎత్తులో పక్కకి పట్టుకోండి, సగం ముఖం చక్కగా తేలుతుంది. రెండో పక్క కూడా అలాంటిదే ఇంకోటి పెడితే ఒకదాని నీడని ఇంకోటి చెరిపేస్తుంది. అద్దానికి అటొకటీ ఇటొకటీ, కళ్ల ఎత్తులో అన్న సూత్రం ఇదే. గోడకి యాంగిల్ హోల్డర్లు రెండు బిగిస్తే చాలు, ఎలక్ట్రీషియన్‌కి కాసేపటి పని.

సినిమావాళ్ల అద్దాల చుట్టూ బల్బుల దండ సోకు కోసమని అనుకునేదాన్ని. అబ్బే, అది అచ్చంగా ఈ లెక్కే! సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగి మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ అక్కడి మేకప్ గది గురించి రాశారు. పెద్ద పెద్ద అద్దాలు, వాటికి అన్ని వైపులా తీగ బల్బులు, ఆ సెగకి లోపల కూర్చున్నవాళ్ల అవస్థ, లారీల కొద్దీ దిగే మేకప్ పూత ప్యాన్‌కేక్. ఆ ప్యాన్‌కేక్ కూడా దీపాల పుణ్యమే. మొదట్లో సినిమా ఫిల్ముకి ఎరుపు కనబడేదే కాదు, ఎర్ర పెదాలు తెర మీద నల్లగా పడేవి. 1920ల చివర్లో ఎరుపుని కూడా పట్టుకునే ఫిల్మూ, దానికి తగ్గ తీగ దీపాలూ వస్తే, హాలీవుడ్‌లో మాక్స్ ఫ్యాక్టర్ మేకప్ రంగులన్నీ వాటి కోసం తిరగరాశాడు. 1930ల్లో మూడు రంగుల టెక్నికలర్ సినిమాలు వచ్చాక పాత మేకప్ జిడ్డుగా మెరిసి పక్కనున్న రంగుల్ని ప్రతిఫలిస్తోందని, ఆయన సంస్థ మెరుపు లేని ప్యాన్‌కేక్ తయారుచేసింది. దీపం మారినప్పుడల్లా మేకప్ మారింది! ఆ మహానుభావుడు ముందు దీపం చూసి తర్వాత డబ్బా తెరిచాడు.

జెమినీలో వాళ్లు చెమటలు కక్కుతూ అనుభవించిన వెలుగే ఈరోజు మనకి చెమట పట్టకుండా దొరుకుతోంది. తీగ బల్బుని వదిలినప్పుడు వేడితోపాటు ఎరుపునీ పోగొట్టుకున్నాం. ఈ మంచి ఎల్‌ఈడీల్లో ఎరుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ కలిపి, ఎరుపుని మాత్రం వెనక్కి తెచ్చారు. ఇది నాకు చంద్రయానం కన్నా తక్కువగా ఏమీ తోచడం లేదు.

మూడో అద్భుతానికి పైసా ఖర్చు లేదు. చిన్న బల్బు నేరుగా కొడితే నీడ కత్తితో కోసినట్టుంటుంది, మొటిమ కూడా కొండంత నీడేస్తుంది. అదే వెలుగుని తెల్లటి పెద్ద గుడ్డ మీద పడేసి తిప్పికొడితే నీడల అంచులు కరిగిపోతాయి. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) కోసం కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టు వేసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ పరిచి, కింది నుంచి దీపాలు దాని మీదికి కొట్టి ఆకాశపు వెలుతురు సృష్టించాడు. మన షూటింగుల్లో లైట్‌బాయ్‌లు హీరోయిన్ ముఖం దగ్గర థర్మాకోల్ అట్ట పట్టుకుని నిలబడేది కూడా అందుకే. మీరు టీవీ కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన థర్మాకోల్ అటక మీద ఉండే ఉంటుంది. దింపండి! ఒళ్లో పెట్టుకుంటే గడ్డం కింది నీడ మాయం. ఒక హెచ్చరిక. గోడ ఆకుపచ్చదైతే తిరిగొచ్చే వెలుగూ ఆకుపచ్చే, కర్టెన్ మెరూన్ అయితే బుగ్గలూ మెరూనే. అద్దం చుట్టుపక్కల తెలుపుంటే మంచిది.

బల్బులు కొనేదాకా ఆగలేనంటారా, కిటికీ ఉంది కదా. దానికి ఎదురుగా కూర్చుని, చేతి అద్దం కిటికీ వైపు గట్టు మీద నిలబెట్టుకోండి. వెలుగు మీ ముఖం మీద, అద్దం వీపు వెలుగుకి. ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని చిత్రకారులు అంటారు. మన దగ్గర అందులోనూ ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీకి పల్చటి తెల్లపంచె కట్టండి, వెలుగు వెన్నలా దిగుతుంది. ముసురు పట్టిన రోజైతే ఆకాశమంతా ఒక పెద్ద థర్మాకోల్ అట్టే!

రాత్రి ముహూర్తాలకి మాత్రం కిటికీ పనికిరాదు. ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గది ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మూలనొక ట్యూబులైటు, దాని కింద పదిమంది చుట్టాలు. లోపల పాలిపోయి కనబడిందని పిల్లకి పూత మీద పూత వేస్తారు, మంటపంలో వీడియో లైట్లు పడగానే అదంతా పెచ్చులా తేలుతుంది. బ్యూటీషియన్‌ని మాట్లాడుకున్నప్పుడే దీపాన్నీ మాట్లాడుకోండి. రెండు మంచి బల్బులు, రెండు హోల్డర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చీరల పెట్టెలో పడేస్తే వేలు పోసిన మేకప్ గట్టెక్కుతుంది. మేకప్ అంతా మంచి దీపం కింద ముగించి, ఆఖర్న మంటపం దీపాలెలాంటివో ఆ వెలుగులో ఒకసారి సరిచూసుకుంటే చాలు. మా అత్తయ్య ఇదంతా విని, "ఇంత చదువు చదివి బల్బుల షాపు పెట్టుకోవే" అంది. అన్నాక తనే వచ్చి అద్దం ముందు కూర్చుని, బొట్టు సరిచేసుకుని, అరగంట లేవలేదు.

ఇప్పుడు నా డబ్బా సగం ఖాళీగా కూర్చుంది. బ్లష్ ఒక్క పూత చాలు, కన్సీలర్ రెండు చుక్కలు, ఫౌండేషన్ చాలా రోజులు అక్కర్లేదు. ఎరుపుని దీపమే ఇస్తుంటే డబ్బాలోంచి తియ్యాల్సిన పనేముంది? ముఖానికి పెట్టే ఖర్చులో మొదటి ఖర్చు దీపానిదే కావాలి, మిగతావన్నీ దాని తర్వాతే. ఇంకేం ఆలోచిస్తున్నారు? కొట్లు కట్టేసేలోగా వెళ్లండి. డబ్బా వెనక్కి తిప్పి సీఆర్‌ఐ చదవండి, ఆర్9 ఎంతో అడగండి, వెలిగించి కింద చెయ్యి పెట్టండి. గోళ్లు గులాబీ అయితేనే డబ్బులివ్వండి!